దీపం చాటున లెక్కల పుస్తకం
జనారోగ్య పరిశోధనకు విశ్వవిద్యాలయ పీఠం కోరిన ఫ్లారెన్స్ నైటింగేల్
గోదావరి కాలువలపైనా, కరువులపైనా కాటన్ దొరతో లేఖలు

ఏటా మే 12న నర్సింగ్ కళాశాలల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి. తెల్లని దుస్తులు ధరించిన విద్యార్థినులు వరుసగా నిలబడి ప్రమాణం చేస్తారు. వేదికపై పూలమాల వేసిన చిత్రపటంలో చేత దీపం పట్టిన ఆంగ్ల వనిత కనిపిస్తుంది. ఆమె ఫ్లారెన్స్ నైటింగేల్. ఆ తర్వాత మూడు రోజులకు, మే 15న, ధవళేశ్వరంలోనూ డెల్టా గ్రామాల్లోనూ సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలకు రైతులు దండలు వేస్తారు. ఈ ఇద్దరి నడుమ ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయన్న సంగతి ఆ దండలు వేసేవారిలో బహు కొద్దిమందికే తెలుసు.

నైటింగేల్ దీపం పట్టి క్షతగాత్రుల నడుమ తిరిగిన కాలం రెండేళ్లు కూడా లేదు. మిగిలిన జీవితమంతా ఆమె చేతిలో ఉన్నది కలం. ఎదుట ఉన్నవి జనన మరణాల పట్టికలు. రోగి మంచం పక్కన చేసే సేవ ఎంత అవసరమో, ఏ ఊళ్లో ఎందరు ఏ కారణంతో మరణిస్తున్నారో లెక్కగట్టడం కూడా అంత అవసరమని ఆమె నమ్మారు. ఆ విద్యను విశ్వవిద్యాలయంలో బోధించే ఆచార్యుడు ఉండాలని వృద్ధాప్యంలో పట్టుబట్టారు. ఆ ప్రయత్నంలో ఓడిపోయారు. చిత్రపటాల్లో దీపం మాత్రమే మిగిలింది.

సంపన్న గృహంలో సంకెళ్లు

1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఆమె జన్మించారు. తల్లిదండ్రులు విలియం, ఫ్రాన్సిస్ నైటింగేల్‌లు విదేశీ పర్యటనలో ఉండగా పుట్టినందున ఆ నగరం పేరే పెట్టారు. అంతకు ముందు ఏడాది నేపుల్స్‌లో పుట్టిన అక్కకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామం పార్థెనోప్ అని పెట్టారు. కుటుంబానికి డెర్బీషైర్‌లో ఒకటి, హాంప్‌షైర్‌లో ఒకటి విశాలమైన భవంతులు ఉండేవి. తండ్రి స్వయంగా కుమార్తెలకు గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం బోధించారు. ఫ్లారెన్స్‌కు గణితంపై మక్కువ ఎక్కువ. గణితం చెప్పించుకునేందుకు ఇంట్లో పోరాడవలసి వచ్చింది. వివాహానంతరం గృహిణికి గణితంతో ఏం పని అన్నది తల్లి అభిప్రాయం.

పదహారేళ్ల ప్రాయంలో, 1837 ఫిబ్రవరిలో, దైవం తనను సేవకు పిలిచినట్లు ఆమెకు తోచింది. ఆ సేవ ఏమిటో తేల్చుకోవడానికి కొన్నేళ్లు పట్టింది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకుంటానని ఇంట్లో చెప్పినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆనాటి ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అంటే చదువు లేని, కూలికి వచ్చే స్త్రీ. మద్యం సేవిస్తుందన్న అపవాదు కూడా ఉండేది. పరువు గల ఇంటి పిల్ల ఆ పనికి వెళ్లడమా అని తల్లీ అక్కా గగ్గోలు పెట్టారు. కొంతకాలం క్రితం వరకు మన పల్లెల్లోనూ ఆడపిల్లను నర్సింగ్‌కు పంపడానికి వెనుకాడిన కుటుంబాలు ఉండేవి కనుక ఈ ఘట్టం పాఠకులకు వింతగా తోచదు.

కవి, పార్లమెంటు సభ్యుడు అయిన రిచర్డ్ మాంక్‌టన్ మిల్నెస్ ఏళ్ల తరబడి నిరీక్షించినా 1849లో ఆయనతో వివాహాన్ని తిరస్కరించారు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో వృద్ధిలో లేని కుటుంబాల స్త్రీల కోసం నడిచే చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు. జీతం లేదు. తండ్రి ఏటా 500 పౌన్లు ఇచ్చేందుకు అంగీకరించడంతోనే ఆ స్వాతంత్య్రం సాధ్యమైంది.

స్కుటారి నేర్పిన పాఠం

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. గాయపడిన సైనికులు టర్కీలోని స్కుటారి ఆసుపత్రిలో దిక్కులేక మరణిస్తున్నారని టైమ్స్ పత్రిక రాయడంతో బ్రిటన్ అట్టుడికింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పాత మిత్రుడు. ఆయన కోరికపై 38 మంది నర్సులతో అక్టోబరు 21న బయలుదేరి నవంబరు తొలి వారంలో అక్కడికి చేరారు. మైళ్ల పొడవున పరుపులు. భవనం కింద పూడిపోయిన మురుగు కాలువలు. స్నానానికి నీరు లేదు, మార్చుకోవడానికి చొక్కాలు లేవు. అధికారులు ఒకరిపై ఒకరు నెపం వేసుకుంటున్నారు. తన వద్ద ఉన్న విరాళాల సొమ్ముతో ఆమె బట్టలు, పాత్రలు, ఆహారం కొనిపించారు. ధోబీఖానా నడిపించారు. రాత్రిపూట దీపంతో వార్డులన్నీ తిరిగేవారు. ఆ దృశ్యమే పత్రికల్లో చిత్రంగా వచ్చి ఇంటింటా ఆమె పేరు మారుమోగింది.

ఇక్కడే చాలామంది జీవిత చరిత్రలు ఆగిపోతాయి. అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆమె వచ్చిన తర్వాత ఆ చలికాలంలో స్కుటారిలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చేరినవారిలో నూటికి 42 మంది చొప్పున మరణించారు. మార్చిలో లండన్ నుంచి వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు కాలువలు శుభ్రం చేయించి, నీటి సరఫరా సరిచేసి, గాలి వచ్చేలా ఏర్పాట్లు చేసిన తర్వాత జూన్ నాటికి ఆ సంఖ్య 2కు పడిపోయింది. 1856 ఆగస్టులో ఇంగ్లండుకు తిరిగి వచ్చేనాటికి కూడా తిండి లేక, మితిమీరిన శ్రమతో, ఆలస్యంగా ఆసుపత్రికి చేరడంతోనే సైనికులు మరణించారని ఆమె భావన.

ఆ భావనను మార్చినవారు విలియం ఫార్. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో దేశమంతటి మరణాల లెక్కలు చూసే వైద్యుడాయన. 1857లో ఇద్దరూ కలిసి యుద్ధకాలపు గణాంకాలను తిరగేశారు. వ్యాధులతో మరణించినవారు సుమారు 16 వేలు. శత్రువు చేతిలో మరణించినవారు అందులో మూడోవంతు కూడా లేరు. స్కుటారిలో సైనికులను చంపింది ప్రధానంగా ఆ భవనపు మురికేనని లెక్కలు తేల్చాయి. తాను ఎంతగా శ్రమించినా తన కళ్ల ఎదుటే నివారించదగిన మరణాలు సంభవించాయన్న ఎరుక ఆమెను కుంగదీసిందని చరిత్రకారుల్లో కొందరు భావిస్తారు. మరికొందరు ఆ వాదనతో ఏకీభవించరు. ఒక్కటి మాత్రం నిజం. దేశమంతా తనను దేవతగా కొలుస్తున్న వేళ, తన ఆసుపత్రిలో జరిగిన మరణాల లెక్కను దాచవద్దని పట్టుబట్టిన వ్యక్తి ఆమె. సత్కార సభలకు హాజరు కాలేదు. యుద్ధభూమిలో సోకిన జ్వరం తిరగబెట్టి 1857 నుంచి చాలాకాలం మంచం పట్టారు. ఆ మంచం పైనుంచే పని సాగించారు.

మంత్రులు పట్టికలు చదవరని ఆమెకు తెలుసు. అందుకే అంకెలను రంగుల బొమ్మలుగా గీయించారు. వృత్తాన్ని నెలకు ఒకటి చొప్పున 12 భాగాలు చేసి, వ్యాధి మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు వేయించారు. నీలం పరచుకుపోయిన తీరు చూస్తే చదువు రానివారికైనా సంగతి బోధపడుతుంది. యుద్ధం లేని రోజుల్లోనూ బ్రిటన్ బారకుల్లో సైనికుల మరణాలు వెయ్యికి 17 నుంచి 20 వరకు ఉండగా, అదే వయసు పౌరుల్లో 11 మాత్రమేనని ఆమె నిరూపించారు. ఏటా 1,100 మందిని మైదానానికి నడిపించి కాల్చివేయడం ఎంత నేరమో ఇదీ అంతేనని ప్రభుత్వాన్ని నిలదీశారు. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమే.

పాఠశాల, ప్రసూతి వార్డు

ప్రజలు కృతజ్ఞతతో పోగుచేసిన నిధి సుమారు 45 వేల పౌన్లకు చేరింది. ఆ సొమ్ముతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. తొలి జట్టులో 15 మంది. ఏడాది శిక్షణ, వసతి, భోజనం, కొద్దిపాటి భత్యం. ప్రతి విద్యార్థిని పనితీరునూ మేట్రన్ నెలనెలా ఒక పత్రంలో నమోదు చేయాలి. ఇక్కడ తర్ఫీదు పొందినవారు లివర్‌పూల్‌కూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీకీ, కెనడాకూ వెళ్లి ఆసుపత్రులను తీర్చిదిద్దారు. లివర్‌పూల్ అనాథ శరణాలయ ఆసుపత్రిని 1865 నుంచి నడిపిన ఏగ్నెస్ జోన్స్ మూడేళ్లకే టైఫస్ జ్వరంతో మరణించారు.

అంతగా ప్రచారం పొందని మరో ఉదంతం ఉంది. మంత్రసానుల శిక్షణకై నైటింగేల్ నిధితో లండన్ కింగ్స్ కళాశాల ఆసుపత్రిలో ఒక ప్రసూతి వార్డు నడిచింది. అక్కడ బాలింత జ్వరంతో తల్లులు మరణించడం మొదలైంది. వార్డు తన నిధితో నడుస్తున్నదే అయినా మూసివేయడానికి ఆమె వెనుదీయలేదు. 1867లో అది మూతపడింది. అంతటితో ఊరుకోక ఐరోపా దేశాల ప్రసూతి ఆసుపత్రుల లెక్కలన్నీ తెప్పించి మూడేళ్లపాటు పరిశీలించారు. పేదల ఇళ్లలో జరిగే కాన్పుల కన్నా పెద్ద ఆసుపత్రుల్లో జరిగే కాన్పుల్లోనే తల్లుల మరణాలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. 1871లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించారు. ప్రసూతి మరణాల నమోదు ఎంత అస్తవ్యస్తంగా ఉందో కూడా అందులో ఎండగట్టారు. నర్సింగ్ రంగంలో పరిశోధన అంటే ఏమిటో తెలుసుకోదలచిన విద్యార్థినులు ముందుగా చదవవలసినది ఈ గ్రంథమే. ప్రమాణ పత్రం కాదు. ఆ ప్రమాణం ఆమె రాసింది కూడా కాదు, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రూపొందింది.

ఆమె అభిప్రాయాలన్నీ కాలానికి నిలిచాయని చెప్పలేం. చెడు గాలే వ్యాధులకు మూలమని దీర్ఘకాలం నమ్మారు. సూక్ష్మజీవుల సిద్ధాంతాన్ని చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా అంగీకరించారు. దోమే మలేరియా వాహకమని సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ 1897లో కనుగొనేనాటికి ఆమె వయసు 77 ఏళ్లు. నర్సులకు ప్రభుత్వ పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉండాలన్న ఉద్యమాన్ని ఆమె గట్టిగా వ్యతిరేకించారు. నడవడిని పరీక్షలో కొలవలేరన్నది ఆమె వాదన. ఆ వాదన నెగ్గలేదు, నెగ్గకపోవడమే మేలైంది.

చూడని దేశం, తెలిసిన కరువు

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా నలభై ఏళ్ల పాటు ఈ దేశం గురించి రాస్తూనే ఉన్నారు. 1859లో ఇక్కడి సైన్యపు ఆరోగ్యంపై రాయల్ కమిషన్ ఏర్పడింది. ఆమె స్వయంగా ప్రశ్నావళి తయారుచేసి దేశంలోని సైనిక స్థావరాలన్నిటికీ పంపించారు. తాగునీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతోంది, ఒక్కో మనిషికి పడుకోవడానికి ఎంత చోటు ఉంది, ఎందరు మరణించారు అన్నవి ప్రశ్నలు. సికింద్రాబాద్ వంటి కంటోన్మెంట్ల నుంచీ జవాబులు వెళ్లాయి. కాగితాలు బండ్లకొద్దీ వచ్చి పడ్డాయి. ఈ దేశంలోని ఆంగ్ల సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది మరణిస్తున్నారని 1863 నాటి నివేదిక వెల్లడించింది. పదేళ్ల తర్వాత ఆ సంఖ్య 18కి దిగిందని ఆమె ప్రకటించారు.

తొలుత ఆమె చూపు సైనికులపైనే. క్రమంగా ఊళ్లవైపు మళ్లింది. బారకు పక్కనున్న పల్లెలో కలరా ఉంటే బారకు బాగుపడదని గ్రహించారు. పల్లె బాగుపడాలంటే ముందు రైతుకు నీరు, తిండి ఉండాలని మరికొంత కాలానికి అవగతమైంది. ఒక నర్సు నీటిపారుదల గురించి రాయడమేమిటని ఆనాడు ఆశ్చర్యపోయినవారు ఉన్నారు. 1874లో భారతదేశపు జీవన్మరణాలపై వెలువరించిన పుస్తకానికి సాగునీటిపై ప్రత్యేకంగా అనుబంధం చేర్చారు. కాలువలపై పెట్టిన ఖర్చెంత, వచ్చిన రాబడి ఎంత చెప్పండని భారత వ్యవహారాల మంత్రి సాలిస్‌బరీని పదే పదే అడిగారు. నమ్మదగిన లెక్క లభించలేదు. లెక్కే లేని చోట నిర్ణయాలు ఎలా చేస్తున్నారన్న ఆవేదన ఆమెకు అప్పటి నుంచే బలపడింది.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని మహా కరువు కబళించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు శ్మశానాలను తలపించాయి. కాటన్ 1847లో ప్రారంభించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి ఉండటంతో గోదావరి డెల్టా ఆ విపత్తు నుంచి బయటపడింది. అప్పటికి కాటన్ ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండులో ఉన్నారు. రైళ్లకు కోట్లు పోస్తూ కాలువలకు చేయి బిగబట్టే ప్రభుత్వ విధానంపై ఆయన పోరాడుతున్నారు. 1878లో పార్లమెంటరీ సంఘం ఎదుట ఆయనను గట్టిగా ప్రశ్నించారు. అధికార వర్గం ఆయనను ఛాందసుడిగా చిత్రించిన రోజుల్లో నైటింగేల్ ఆయన పక్షాన నిలిచారు. ఇద్దరి నడుమ లేఖలు సాగాయి. అదే ఏడాది ఒక ప్రముఖ లండన్ మాసపత్రికలో భారత ప్రజలపై ఆమె రాసిన సుదీర్ఘ వ్యాసం వెలువడింది. కరువు మరణాలు, వడ్డీ వ్యాపారుల దోపిడీ, రైతు అప్పులు, నీటి వసతి లేమి అన్నీ అందులో ఉన్నాయి. ఆ వ్యాసం పాలకులకు కంటగింపైంది.

కాలువలు తవ్వినంత మాత్రాన చాలదని, మురుగునీరు పోయే దారి లేకపోతే జ్వరాలు ప్రబలుతాయని కూడా ఆమె హెచ్చరించారు. ఏటా వానాకాలంలో డ్రెయిన్లు పొంగి చేలు మునిగే డెల్టా రైతులకు ఆ మాట విలువ వేరే చెప్పనవసరం లేదు. గ్రామాల నుంచి వసూలు చేసే సెస్సులో కొంత భాగాన్ని ఆ గ్రామ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని 1890 దశకంలో ప్రతిపాదించారు. ఇది జరగలేదు. పంచాయతీ నిధుల కోసం తిరిగే సర్పంచులకు ఈ సమస్య పరిచితమే.

ఆక్స్‌ఫర్డ్‌లో దక్కని పీఠం

ఇన్నేళ్ల అనుభవం ఆమెను ఒక నిశ్చయానికి తెచ్చింది. 1861 జనాభా లెక్కల్లో ప్రతి ఇంటి రోగుల సంఖ్య, ఇంటి స్థితిగతులు నమోదు చేయాలని కోరితే ప్రభుత్వం నిరాకరించింది. చట్టాలు చేసేవారికి ఆ చట్టాల ఫలితం ఏమైందో తెలుసుకునే అలవాటు లేదు. గణాంకాలు కార్యాలయాల అలమరల్లో మూలుగుతున్నాయి. చదవడం వచ్చిన మంత్రులూ, అధికారులూ లేరు. వారంతా చదివి వచ్చేది విశ్వవిద్యాలయాల నుంచే కనుక అక్కడే ఈ విద్యకు ఒక ఆచార్య పదవి ఉండాలి. బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్లెట్‌ను ఆమె గురువుగా భావించారు. 1874లో ఆయన మరణించినప్పటి నుంచి ఈ కోరిక మనసులో ఉంది.

ఆక్స్‌ఫర్డ్‌లోని బాలియల్ కళాశాల అధిపతి బెంజమిన్ జోవెట్ ఆమెకు ఆప్త మిత్రుడు. ఆచార్య పీఠానికి ఆమె తన వంతుగా 2,000 పౌన్లు ఇవ్వడానికి సిద్ధపడ్డారు. జోవెట్ కూడా సాయపడతానన్నారు. 1891 ఫిబ్రవరిలో ఆమె శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌కు దీర్ఘ లేఖ రాశారు. పరిశోధించవలసిన ప్రశ్నల పట్టికను జతపరిచారు. పాఠశాలలు విడిచిన పేద పిల్లలు నేర్చిన చదువును ఏం చేసుకుంటున్నారు? జైలు శిక్షలతో నేరాలు తగ్గుతున్నాయా? అనాథ శరణాలయాల నుంచి బయటికి వెళ్లినవారు మళ్లీ అక్కడికే చేరుతున్నారా? భారత ప్రజలు ధనవంతులవుతున్నారా, నిరుపేదలవుతున్నారా? ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా పాతబడిందని అనలేం.

గాల్టన్ మర్యాదగానే సమాధానమిచ్చారు. పరీక్షల్లో లేని విషయంపై ఉపన్యాసాలకు ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు రారని, అంతకన్నా లండన్‌లో ఉపన్యాసాలు, వ్యాసాలు ఏర్పాటు చేయడం మేలని సూచించారు. చర్చలు సాగి సాగి పథకం మూలపడింది. జోవెట్ 1893లో మరణించారు. సొమ్ము తాను కోరిన దానికి కాక మరేదో పరిశోధనకు మళ్లుతుందన్న శంకతో ఆమె ఆ విరాళాన్ని వీలునామా నుంచి తొలగించారు. నర్సుగా ఆమెకు నీరాజనాలు పట్టిన దేశం పరిశోధకురాలిగా ఆమె అడిగిన ఒక్క కొలువును ఇవ్వలేకపోయింది. ఆ కొలువు ఆమె తన కోసం అడగలేదు. ఆనాడు ఆక్స్‌ఫర్డ్‌లో స్త్రీలకు పట్టా కూడా ఇచ్చేవారు కాదు.

చివరి ఏళ్లలో చూపు పోయింది. జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. 1907లో బ్రిటిష్ రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ పురస్కారాన్ని తొలిసారి ఒక మహిళకు ఇస్తూ ఆమె ఇంటికే పంపారు. ఏం జరుగుతున్నదో ఆమెకు పూర్తిగా తెలియని స్థితి. అదే 1907లో అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కళాశాల ఎడిలైడ్ నట్టింగ్ అనే నర్సును ఆచార్యురాలిగా నియమించింది. ప్రపంచంలో ఒక నర్సు విశ్వవిద్యాలయ ఆచార్య పదవి పొందడం అదే ప్రథమం.

1910 ఆగస్టు 13న లండన్‌లోని స్వగృహంలో నైటింగేల్ కన్నుమూశారు. వయసు 90 ఏళ్లు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఖననం చేస్తామన్న ప్రతిపాదనను కుటుంబం వద్దన్నది. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెలో గ్రామ చర్చి ఆవరణలో తల్లిదండ్రుల సమాధి చెంతనే ఉంచారు. రాతిపై పేరు కూడా లేదు. రెండు పొడి అక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే చెక్కారు.

మరుసటి ఏడాది, 1911లో, లండన్ యూనివర్సిటీ కళాశాలలో అనువర్తిత గణాంక శాస్త్ర శాఖ ఏర్పడింది. దానికి వెన్నుదన్నుగా నిలిచింది గాల్టన్ వీలునామాలోని సొమ్మే. బ్రిటన్‌లో నర్సింగ్‌కు విశ్వవిద్యాలయ శాఖ రావడానికి 1956 దాకా, ఎడిన్‌బరో ముందుకు వచ్చేదాకా, ఆగవలసి వచ్చింది. ఈ విషయంలో భారతదేశమే పదేళ్లు ముందుంది. 1946లోనే ఢిల్లీలోనూ, వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలోనూ నర్సింగ్ డిగ్రీ కోర్సులు ప్రారంభమయ్యాయి. తెలుగునాట 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత నర్సింగ్ కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి.